మా అమ్మ నొప్పి ఏ లెక్కలో ఉంది? (వాడ నోటుబుక్కు – 9)



పోయిన వారం మా కాలేజీ స్టాఫ్ రూంలో ఒక సారు పేపరు చదువుతూ తలెత్తాడు. "ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక నొప్పి అంటండీ. కంప్యూటర్ల ముందు కూర్చుని కూర్చుని జనం పాడైపోతున్నారు" అన్నాడు. పక్కనున్నాయన మెడ తడుముకుంటూ అవునన్నాడు. కుర్చీల గురించి, దిండ్ల గురించి, గుంటూరులో ఏ ఫిజియోథెరపీ సెంటరు మంచిదనే దాని గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత ఆ సారు నా వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా, "మీ ఊళ్ళోవాళ్ళకి ఈ బాధ ఉండదులేండి. కాయకష్టం చేసిన ఒళ్ళు కదా, ఇనుము" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే అక్కడికక్కడే సమాధానం చెప్పి ఊరుకునేవాణ్ణి. మంచివాడు కూడా నమ్మే అబద్ధం కాబట్టి ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే మీద ఊరు. ఒక పక్క కొండవీడు కొండలు, రోడ్డు వెంట స్పిన్నింగ్ మిల్లులు, మిగతాదంతా పత్తి, మిరప, పొగాకు. శనివారం ఇంటికెళ్ళి అమ్మని అడిగాను.

"అమ్మా, నీకు నొప్పులేమన్నా ఉన్నయ్యా?"

"నాకేం నొప్పులయ్యా, బానే ఉన్నా."

ప్రశ్న మార్చాను. "పొద్దున లేవంగానే నడుం నిటారుగా ఎప్పటికొస్తది?"

"టీ కాగేదాకా వంగే తిరుగుతా. తర్వాత అదే సర్దుకుంటది."

"మోకాళ్ళు?"

"అయ్యెప్పుడో పోయినయ్."

"రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?"

"ఎడం చెయ్యి తిమ్మిరెక్కుద్ది. ఇదిలిచ్చుకుంటా పడుకుంటా."

"మరి నొప్పుల్లేవన్నావుగా?"

అమ్మ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "అయి నొప్పులేందయ్యా. పని చేసిన ఒళ్ళు."

తర్వాత రెండు రోజులు వాడలో అమ్మ ఈడు వాళ్ళని చాలామందిని అడిగాను. "నొప్పుందా" అంటే ఎక్కువమంది లేదన్నారు. "బిందె ఎత్తేటప్పుడు ఏమవుద్ది, కింద కూర్చుని లేచేటప్పుడు ఏం పట్టుకుంటావు, ఏ పక్కకి తిరిగి పడుకుంటావు" అని అడిగితే ఒక్కొక్కరూ పావుగంటకి తక్కువ చెప్పలేదు.

ఇప్పుడు లెక్కల్లోకి వెళ్దాం.

మూడు నెలలు దాటి వదలకుండా ఉండే, లేక పోయి పోయి మళ్ళీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2023 సర్వే ప్రకారం అక్కడి పెద్దవాళ్ళలో 24 శాతం మందికి అది ఉంది. అంటే నలుగురిలో ఒకరికి. బ్రిటన్‌లో అప్పటిదాకా జరిగిన సర్వేలన్నిటినీ కలిపి 2016లో లెక్కేస్తే అక్కడ 43 శాతం తేలింది. మన దేశానికి వచ్చేసరికి ఒక సర్వే 13 శాతమంది, ఇంకొకటి 19 శాతమంది.

ఈ మూడు దేశాల అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కుర్చీలో కూర్చుని పనిచేసే బ్రిటన్‌లో నూటికి 43. వంగి నాటేసి, వంగి కలుపు తీసి, వంగి మిరపకాయ కోసే దేశంలో నూటికి 13 లేక 19. నమ్మబుద్ధవుతుందా? సర్వేల పద్ధతులు వేరు, వయసులు వేరు, పోల్చకూడదని గణాంక శాస్త్రం చెబుతుంది. సరే, ఒప్పుకుంటాను. నేను చెప్పేదీ అదే. ప్రశ్న మారితే లెక్క మారుతుంది. ఎవరిని, ఏ మాటల్లో, ఎవరి ముందు అడిగారన్నదాన్ని బట్టి నొప్పి ఉంటుంది, లేదా లేకుండా పోతుంది.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. 2017–18లో కేంద్ర ప్రభుత్వం తరఫున 45 ఏళ్ళు పైబడిన సుమారు 72 వేల మందిని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. 'లాసీ' అని దాని పేరు. తరచూ నొప్పితో ఇబ్బంది పడుతున్నారా అని అడిగితే సుమారు 37 శాతం మంది అవునన్నారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువ, పట్నాలకన్నా పల్లెలు ఎక్కువ. నడివయసు దాటిన వాళ్ళనే అడిగారు కాబట్టి అంకె పెరగడం సహజం. కానీ కంప్యూటర్ల ముందు కూర్చుని జనం పాడైపోతున్నారన్న మా సారు కథకి ఇందులో చోటు లేదు. కంప్యూటరు ముఖం చూడని పల్లెటూరి ఆడది ఈ లెక్కలో ముందుంది.

ఇంత చేసీ ఆ 37లో మా అమ్మ ఉండేదా? ఉండేది కాదు. "బానే ఉన్నా" అని చెప్పేది. అడిగినావిడ ఆ గడి నింపుకుని వెళ్ళిపోయేది.

"సామాన్య జనాభాలో ఇంత శాతం" అని రాస్తారు చూడండి, ఆ సామాన్య జనాభా అనే ఊరు నేను ఎక్కడా చూడలేదు. నేను చూసిన ప్రతి ఊళ్ళోనూ ఊరు ఒక పక్క, వాడ ఒక పక్క ఉన్నాయి. కుల వ్యవస్థ పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. ఆ మాటకి కొనసాగింపుగా నేను ఒకటి కలుపుతాను. పని ఎవరిదో కులం తేల్చినప్పుడే నొప్పి ఎవరిదో కూడా తేల్చేసింది. పొలం ఒకరిదీ, నడుం ఇంకొకరిదీ. సగటు తీసినప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒక మర్యాదైన అంకె వస్తుంది. ఆ అంకెలో నడుం కనపడదు.

"నొప్పికి కులమేంటి సార్, అందరి నరాలూ ఒకటే కదా" అని ఎవరో ఒకరు అంటారు. నరాలు ఒకటే. సాఫ్ట్‌వేర్ పిల్లవాడి మెడనొప్పి అబద్ధం కాదు, మా సారు మెడనొప్పీ అబద్ధం కాదు. ఆ నొప్పి తగ్గాలనే కోరుకుంటాను. కానీ ఆయన నొప్పికి ఒక పేరుంది, సెలవుంది, కుర్చీ ఉంది, పది నిమిషాలు వినే మనుషులున్నారు. మా అమ్మ నొప్పికి ఉన్న పేరు "పని". పనికి ఎవరైనా మందేస్తారా?

మిరప సంగతి చెబుతాను, ఇది మన పల్నాడోళ్ళు తప్పక తెలుసుకోవాలి.

సంక్రాంతి దాటిందంటే మా దగ్గర కాయ కోతలు. ఆడవాళ్ళు పొద్దున్నే బయల్దేరి మోకాళ్ళ ఎత్తు చెట్ల మధ్య వంగి సాయంత్రందాకా కోస్తారు. వేళ్ళకి గుడ్డ పేలికలు చుట్టుకుంటారు, అయినా ఘాటు దిగుతుంది. రాత్రికి చేతులు భగభగ మండుతాయి. చిన్నప్పుడు కోతల రోజుల్లో అమ్మ నా మొహం కడిగేది కాదు, నాయన కడిగేవాడు. అమ్మకి నా మీద ప్రేమ తక్కువని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

2021లో వైద్యశాస్త్రం నోబెల్ బహుమతి ఇద్దరికి వచ్చింది. వాళ్ళలో డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త మన శరీరానికి మంట ఎలా తెలుస్తుందో కనిపెట్టాడు. ఎలా కనిపెట్టాడు? మిరపకాయతో. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థాన్ని వాడి, నరాల చివర అది తెరిచే తలుపు ఏదో 1997లో పట్టుకున్నాడు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ అదే తలుపు తెరుచుకుంటుంది. అంటే కాయ కోసిన చేతికీ నిప్పు తగిలిన చేతికీ మెదడుకి అందే కబురు ఒకటే. మా ఆడవాళ్ళు "చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంది" అంటే అది పోలిక కాదు, శాస్త్రం.

ఇంకో సంగతి. అదే క్యాప్సైసిన్‌ని ఎక్కువ మోతాదులో పట్టీగా చేసి, నరాల నొప్పులకి మందుగా వాడటానికి 2009లో అమెరికా అనుమతించింది. మిరప నుంచి నోబెల్ వచ్చింది, మిరప నుంచి నొప్పి మందు వచ్చింది, మిరప నుంచి గుంటూరు యార్డుకి కోట్ల వ్యాపారం వచ్చింది. కోసినామెకి ఒక జత గ్లౌజులు రాలేదు.

గ్లౌజులు రాలేదు సరే, మందు వచ్చిందా అంటే వచ్చింది. ఆర్ఎంపీ దగ్గర సూది, కిరాణా కొట్లో బిళ్ళ. మా వాడలో కూలికి పోయే ఆడవాళ్ళ కొంగు ముడిలో వక్క ఉన్నట్టే నొప్పి బిళ్ళ ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అవి ఎక్కువగా డైక్లోఫెనాక్ జాతి బిళ్ళలు. ఏళ్ళ తరబడి అడ్డూ అదుపూ లేకుండా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఈ డైక్లోఫెనాక్‌కి మన దేశంలో ఒక చరిత్ర ఉంది. 1990ల నుంచి రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. కొన్ని జాతులు నూటికి తొంభై అయిదుకి పైగా మాయమయ్యాయి. పశువులకి నొప్పి తగ్గటానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాల్ని చంపేస్తోందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల సూదిమందు సీసాలు పశువులకి మళ్ళుతున్నాయని 2015లో పెద్ద సీసాల్ని కూడా ఆపి 3 మిల్లీలీటర్లకి పరిమితం చేశారు.

మంచి పని చేశారు. రాబందు మీద నాకు కోపం లేదు. చచ్చిన గొడ్డు దగ్గరికి ఊరు పంపించింది రాబందునీ మా తాతల్నీ. మేం పాత చుట్టాలం. నేను అడిగేదల్లా ఒకటే. రాబందు మూత్రపిండం పాడైతే లెక్కపెట్టడానికి మనుషులు వచ్చారు, కారణం వెతికారు, చట్టం మార్చారు. అదే మందుని రోజుకి రెండు మింగి పొలానికి పోతున్న ఆడమనిషి దగ్గరికి ఎవరు వచ్చారు? మా ఇంటికి బీపీ చూడటానికి వస్తారు, షుగరు చూడటానికి వస్తారు, సంతోషం. రోజుకి ఎన్ని బిళ్ళలు మింగుతున్నావమ్మా అని అమ్మని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

ఒకసారి అమ్మని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే చూసి, "వయసుకి తగ్గ అరుగుదలే, పెద్దగా ఏం లేదు" అని, జాగ్రత్తలు చెప్పారు. వంగొద్దు. కింద కూర్చోవద్దు. బరువులు ఎత్తొద్దు. ఎక్కువసేపు నిలబడొద్దు. ఎండలో తిరగొద్దు. బస్సులో వస్తూ ఆ వద్దన్నవన్నీ వరసగా అనుకున్నాను. అది మా అమ్మ చేసే పనుల జాబితా. వాటికి ఆమెకి రోజు కూలి ఇస్తారు. జాగ్రత్తగా ఉండటానికి ఎవరూ ఇవ్వరు.

"పెద్దగా ఏం లేదు" అనే మాట గురించి కూడా తెలుసుకోండి. గాయం మానిన తర్వాత కూడా నరాల వ్యవస్థ ప్రమాదం ఉన్నట్టే గంట కొడుతూ ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది, ఆ గంట కనపడదు. నిద్రలేమి, అప్పు, భయం, అవమానం ఆ గంటని ఇంకా గట్టిగా మోగిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త జబ్బుల జాబితాలో, వేరే జబ్బు లక్షణంగా తేల్చలేని దీర్ఘకాలిక నొప్పిని దానికదే ఒక జబ్బుగా గుర్తించింది. కాబట్టి ఎక్స్‌రేలో ఏం లేదని మీ అమ్మని ఎవరైనా నటిస్తోందంటే, నటించేది ఆమె కాదు.

మన చట్టాలు ఇంకా అక్కడికి రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. దీర్ఘకాలిక నొప్పి అందులో లేదు. సదరం క్యాంపులో కాలు ఎంత వంగుతుందో కొలుస్తారు, వంచడానికి ఆమె ఎంత ఓర్చుకుందో కొలవరు. అమ్మకి 57. వృద్ధాప్య పింఛనుకి 60 నిండాలి. ఆఫీసు పనిచేసిన ఒంటికీ, పదేళ్ళప్పుడు కూలికి దిగిన ఒంటికీ ముసలితనం ఒకే రోజు వస్తుందని రాజ్యం నమ్ముతోంది. ఉపాధి పనిలో కూలి కూడా తవ్విన మట్టి కొలతని బట్టే. నొప్పి ఉన్నామె తక్కువ తవ్వుతుంది, తక్కువ తీసుకుంటుంది. నొప్పికి జరిమానా అన్నమాట.

ఇక "ఇనుము ఒళ్ళు" దగ్గరికి వస్తాను. ఇది మా సారు కనిపెట్టింది కాదు. 1840ల్లో అమెరికాలో మారియన్ సిమ్స్ అనే డాక్టరు నల్లజాతి బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. న్యూయార్క్ పార్కులో ఉన్న అతని విగ్రహాన్ని 2018లో గానీ తీయలేదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థుల్నీ జూనియర్ డాక్టర్లనీ అడిగితే, నల్లవాళ్ళ చర్మం మందం లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కటైనా సగం మందికి ఉన్నట్టు తేలింది. ఎవరి చేత చాకిరీ చేయించుకోవాలో వాళ్ళకి నొప్పి తక్కువని నమ్మడం ప్రపంచమంతటా ఉన్న సుఖమైన నమ్మకం. చేయించుకునేవాడికి రాత్రి నిద్ర పడుతుంది.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినవాణ్ణి. మా ఇంటి వెనక నిలబడితే కొండవీడు కనపడుతుంది. ఆ కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు, చివరి రోజుల్లో బొడ్డుపల్లిలో పొలం గుత్తకి తీసుకుని, కృష్ణ పొంగి పంట పోయి, పన్ను కట్టలేక, ఎండలో భుజం మీద రాయి మోసే శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఆ పద్యం క్లాసులో చెబుతుంటే పిల్లల కళ్ళు చెమరుస్తాయి. నాకూ చెమర్చేవి. అంత మహాకవి భుజం మీద రాయా అని ఆరు వందల ఏళ్ళుగా తెలుగు జాతి బాధపడుతోంది.

ఒకరోజు పాఠం మధ్యలో కిటికీలోంచి కొండలు కనపడి నాకు అనుమానం వచ్చింది. అసలు ఆ కోట గోడల రాళ్ళు కొండ మీదకి ఎవరి భుజాల మీద ఎక్కాయి? వాళ్ళకి అది శిక్ష కాదు, రోజూవారీ. కవి భుజం మీద ఒక రాయి విషాద కావ్యం, కూలోడి భుజం మీద వెయ్యి రాళ్ళు కోట. సాహిత్యం కూడా ఒక సర్వేనే మిత్రులారా. అది కూడా ఎవరి నొప్పి అడగాలో ముందే తేల్చుకుని బయల్దేరింది.

ఇక్కడ నన్ను నేనూ వదిలిపెట్టను. మనం ఏం రాశాం? "నల్లని ఉక్కు దేహాలు", "అలుపెరగని చేతులు", "శ్రమ సౌందర్యం". నేనూ రాశాను, చప్పట్లు కొట్టించుకున్నాను. మా అమ్మ చేతుల మీద కవిత చదివిన రాత్రి ఆ చెయ్యి తిమ్మిరెక్కి ఆమె నిద్రపోలేదన్న సంగతి నాకు తెలియదు. ఉక్కు అని మనం పొగిడినా, ఇనుము అని వాళ్ళు తేల్చేసినా అమ్మకి జరిగింది ఒకటే. ఆమె ఒంటిని ఒంటిగా ఎవరూ చూడలేదు.

ఉద్యమంగా కూడా మనం కారంచేడు లెక్కపెట్టాం, చుండూరు లెక్కపెట్టాం. లెక్కపెట్టాలి, ఎప్పటికీ మర్చిపోకూడదు. ఒక్కరోజు గొడ్డలి దెబ్బకి ఎఫ్ఐఆర్ ఉంది, 1989 చట్టం ఉంది. నలభై ఏళ్ళు రోజూ కాస్త కాస్తగా పడిన దెబ్బకి ముద్దాయి పేరు ఏమని రాయాలి? దానికి మనం ఇంకా భాష కట్టుకోలేదు.

భాష లేక కాదు. 1975లో కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పి ఎలా ఉందో చెప్పే 78 మాటలు ఏరి ప్రశ్నాపత్రం తయారుచేశాడు. ప్రపంచమంతా వాడుతుంది. మా వాడ అరుగు మీద ఒక సాయంత్రం కూర్చోండి. సలుపు, పోటు, పీకుడు, గుంజుడు, లాగుడు, తీపులు, తిమ్మిరి, మంట, చురుకు, పట్టు, కలుక్కుమనడం. ప్రతి దానికీ వేరే చోటు, వేరే వేళ, వేరే పని. పత్తి తీస్తే వచ్చేది వేరు, మిల్లులో నిలబడితే వచ్చేది వేరు. ఈ మాటలన్నీ ఉన్న మనిషిని పట్టుకుని సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పమంటే, ఆమె సిగ్గుపడి "బానే ఉన్నా" అంటుంది.

కాబట్టి అడగాల్సినవి ఇవి. ఆరోగ్య సర్వేల్లో నొప్పి గురించి మన మాటల్లో, పనిని అడ్డం పెట్టుకుని అడగాలి. వచ్చిన లెక్కని కులం వారీగా, ఆడామగా వారీగా, చేసే పని వారీగా బయటపెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక్క రోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి, అదీ కూలికి పోయొచ్చిన తర్వాత సాయంత్రం పూట. నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగుతున్నవాళ్ళకి మూత్రపిండాల పరీక్ష ఊళ్ళోనే చేయాలి. కాయ కోతలకి గ్లౌజులు ఇవ్వడం రైతు దయ కాదు, కూలి ఒప్పందంలో భాగం కావాలి. ఒళ్ళు అరిగిన కూలీలకి పింఛను వయసు తగ్గించాలి. వీటిలో ఒక్కటీ చంద్రుడి మీదకి రాకెట్టు పంపేంత కష్టం కాదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ ఆదివారం ఇంటికెళ్ళండి. అమ్మనో, అత్తనో, పిన్నినో కూర్చోబెట్టి అడగండి. "నొప్పుందా" అని మాత్రం అడగొద్దు. పొద్దున నడుం ఎప్పటికి నిటారవుతుందో అడగండి. కింద కూర్చుంటే దేన్ని పట్టుకుని లేస్తుందో అడగండి. రోజుకి ఎన్ని బిళ్ళలో, ఎన్నేళ్ళ నుంచో అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. సవరించొద్దు, కవిత్వం చేయొద్దు.

నేను మా అమ్మది రాయడం మొదలుపెట్టాను. మూడు పేజీలయింది, ఇంకా మోకాళ్ళ దగ్గరే ఉన్నాం.

జై భీమ్.